రుమాలుకూ ఈలకూ మధ్య

విశాఖపట్నం,
12-2-1984, ఆదివారం.

శ్రీవారికి,

మీ కనకరత్నం నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ పద్మా కులాసాగా ఉన్నాం. భిలాయిలో చలి కాస్త తగ్గిందనీ, మెస్సులో అన్నం పెట్టడం మొదలుపెట్టారనీ మీరు రాశాక మనసు కుదుటపడింది. ఆ రొట్టెలతో మీ కడుపు ఏమవుతుందోనని నెల రోజులుగా ఇక్కడ నాకు ముద్ద దిగలేదు. ట్రైనింగు ఇంకా మూడు నెలలే కదా. పగళ్లు ఎలాగో గడిచిపోతున్నాయి. సాయంత్రం అయిదున్నరకి మాత్రం మీ సైకిలు బెల్లు వినపడుతుందేమోనని చెవులు అటే పోతాయి.

మీరు అడిగినవి వరసగా చెబుతాను. పద్మ లెక్కల పరీక్షలో డెబ్బై ఎనిమిది తెచ్చుకుంది. వంటింటి కప్పు మీద రెండు రేకులు మార్పించాను. కొళాయి ఇప్పుడు పొద్దున్న నాలుగున్నరకి వస్తోంది, అయిదుంపావుకి పోతోంది. మీ స్వెట్టరు మోచేయి దగ్గర చిరిగిందన్నారు. అక్కడ ఎవరి చేతా కుట్టించకండి. మీతో ట్రైనింగులో ఉన్న పైడయ్యగారు సెలవు మీద వచ్చారు కదా, గురువారం తిరిగి వెళుతున్నారు. అదే రంగు ఉన్ని ఆయన చేతికి ఇస్తున్నాను, ఈసారి ఆయనతో వస్తున్న భార్య అల్లిపెడతానంది. ఈ ఉత్తరం కూడా పోస్టులో వేయకుండా ఆయనతోనే పంపుతున్నాను. ఎందుకో చివర చెబుతాను.

ఇక మీరు కిందటి ఉత్తరంలో కాస్త కోపంగా అడిగిన సంగతి. మన ఫుట్‌బాల్ క్లబ్బుకి రైట్ ఔట్‌గా, ఆ కుడి అంచున పరిగెత్తే చోటికి, ఎవరిని తీసుకోవాలో తేల్చడానికి వంద మీటర్ల టైములు పంపమంటే ఇరవై రోజులైనా ఎందుకు పంపలేదని అడిగారు. టైములు తప్ప మరేమీ రాయనక్కరలేదనీ, పేరు మీరే తేలుస్తాననీ రాశారు. ఆలస్యం నాదే. ముందు టైములు చెబుతాను. జనవరి ఇరవై రెండో తేదీ పొద్దున్న ఆరున్నరకి, గాలి లేనప్పుడు, ముగ్గుతో కొత్తగా గీతలు గీయించి పరిగెత్తించాను. గోపాలపట్నం గంగరాజు పదకొండు పాయింట్ ఆరు. మన జాలరిపేట వరహాలు పన్నెండు పాయింట్ ఒకటి. మిగతా వాళ్లంతా పన్నెండున్నర దాటారు.

ఈ రెండు అంకెలే రాస్తే మీరు వెంటనే గంగరాజు పేరు రాస్తారని నాకు తెలుసు. పన్నెండేళ్లుగా మీరు అదే మాట అంటున్నారు. బంతి తన్నడం నేర్పవచ్చు, కాళ్లలో వేగం నేర్పలేం అని. ఆ మాట తప్పని నేననను. కానీ క్లబ్బుని పోషించే ఓడల కంపెనీ వాళ్లు ఏటా మనం పేరు పంపిన ఒక్కడికే ఉద్యోగం ఇస్తారు. వరహాలుకి ఏప్రిల్లో ఇరవై నాలుగు నిండుతాయి. ఆ తర్వాత కంపెనీ తీసుకోదు. గంగరాజుకి పంతొమ్మిది. అందుకే ఒక్క అంకె మీద పేరు రాసే ముందు, ఆ అంకె ఆటలో ఎంతవరకు పనికొస్తుందో చూడాలనిపించింది.

ఎలా చూశానో చెబుతాను, నవ్వకండి. ఈ ఇరవై రోజుల్లో ఎనిమిది ప్రాక్టీసు ఆటలు జరిగాయి. మొదటి సగం ఒకడిని, రెండో సగం రెండోవాడిని రైట్ ఔట్‌లో ఆడించమని, మీ బదులు ఆటలు చూసుకుంటున్న చలమయ్యగారితో చెప్పాను. నేనూ పద్మా రేకుల షెడ్డు కింద కూర్చున్నాం. వెనక నుంచి కుడివైపుకి పొడుగు బంతి వచ్చిన ప్రతిసారీ ఒక చింతపిక్క డబ్బాలో వేశాను. ఆ బంతి అతని కాలికి అందితే పద్మ ఇంకో డబ్బాలో వేసింది. బంతి కోసం ఎంత దూరం పరిగెత్తాడో ముగ్గు గీతల్ని బట్టి పుస్తకంలో రాసుకున్నాను.

చలమయ్యగారు మీ పక్షమే. ఆయన షెడ్డు దగ్గరికి వచ్చి డబ్బాలు చూసి, "బీమశంకరరావుగారింట్లో పప్పు కూడా గడియారం సూసే ఉడుకుద్దంట, నిజమేనామ్మా?" అన్నారు. తర్వాత నా పక్కనే కూర్చుని, "రైట్ ఔట్‌కి కాళ్లే గావాల. బుర్ర సెంటర్ హాఫ్‌కి సాలు" అన్నారు. సరే, మీరు కూడా లెక్కపెట్టండి అని ఆయనకీ రెండు డబ్బాలు ఇచ్చాను. ఆయన గంగరాజు మనిషి కాబట్టి, ఆయన లెక్కలో వరహాలుకి అనుకోకుండా కూడా ఎక్కువ పడదని నా ధైర్యం. ఆయన్ని ఎందుకు కూర్చోబెట్టానో దానికి ఇంకో కారణం ఉంది. అదీ చివరే.

గంగరాజు వైపు ముప్పై మూడు బంతులు వచ్చాయి. నా లెక్కలో పన్నెండు అందాయి, చలమయ్యగారి లెక్కలో పదమూడు. ఆయన లెక్కే వేశాను. వరహాలు వైపు ముప్పై ఒకటి వచ్చాయి. ఇద్దరి లెక్కలోనూ ఇరవై రెండు అందాయి.

నాకే నమ్మకం కలగలేదు. అర సెకను వెనకపడేవాడికి ఎక్కువ బంతులు ఎలా దొరుకుతాయి? పుస్తకం తిరగేసి దూరాలు చూశాను. ఆ అరవై నాలుగు పరుగుల్లో నలభై మీటర్లు దాటినవి అయిదే. మిగతావన్నీ పదిహేను, ఇరవై, ఇరవై అయిదు. మర్నాడు ఇద్దరినీ ఇరవై మీటర్లు పరిగెత్తించాను, తలా అయిదుసార్లు. తేడా సెకనులో పదోవంతు. వంద మీటర్లలో అర సెకనుగా కనిపించేది ఆటలో చాలాసార్లు ఆ పదోవంతే అవుతోంది. ఆ పదోవంతుని వరహాలు ఎక్కడ కలుపుకుంటున్నాడో ఎంత చూసినా నాకు అర్థం కాలేదు. అతన్నే పిలిచి అడిగాను. అతను సిగ్గుపడి, చొక్కా కొసతో మెడ తుడుచుకుంటూ చెప్పాడు.

"బంతి గాల్లోకి లేసినాక ఉరికితే ఏటి లాభమమ్మా? తన్నీవోడి బుజం ముందే తిరుగుద్ది. నాను బంతిని సూడను, ఆ బుజాన్నే సూత్తాను. తిరిగిందంటే బయల్దేరిపోతాను."

అక్కడే ఉన్న గంగరాజు నవ్వి, మరి నా సంగతేంటి బావా అని అడిగాడు.

"నీకేటి బావా, నువ్వు బంతి కన్నా ముందెల్లిపోతావు. బంతే పాపం నిన్ను ఎతుక్కుంటాది" అన్నాడు వరహాలు. ఇద్దరూ భుజాల మీద చేతులు వేసుకుని వెళ్లిపోయారు. వాళ్లకి ఒకరంటే ఒకరికి కోపం లేదు. అందువల్ల నా పని ఇంకా కష్టమైంది.

న్యాయంగా ఇంకో సంగతి కూడా రాయాలి. ఆ నలభై మీటర్లు దాటిన అయిదు పరుగుల్లో నాలుగు గంగరాజువి. నాలుగూ అతనికి అందాయి. ఎవరూ అతని దరిదాపులకి రాలేదు. రెండు గోల్స్ అలా వచ్చినవే. ఆ నాలుగు పరుగులు వరహాలు వల్ల అయ్యేవి కావు. తగరపువలస టీములో ఉన్న ఆ లావుపాటి ఫుల్ బ్యాక్ మీద గంగరాజుని వదిలితే ఎన్ని గోల్స్ కొడతాడో చెప్పలేను. వేగం అక్కరలేదని నేను చెప్పడం లేదండీ. వేగం ఉండాలి. పన్నెండున్నర దాటిన వాళ్లకి భుజం చూడటం తెలిసినా బంతి అందలేదు, అదీ చూశాను. కానీ ఒక మట్టు వరకు వేగం ఉన్నాక, ఎప్పుడు బయలుదేరాలో తెలిసినవాడికే ఎక్కువ బంతులు అందుతున్నాయి. గంగరాజుకి ఆ సంగతి ఒక ఏడాదిలో మీరు నేర్పగలరు. వచ్చే ఏటికి అతనికి ఇరవై. వరహాలుకి వచ్చే ఏడు లేదు.

ఇంతవరకు రాసిన కాగితాలే మీకు పంపి ఊరుకోవచ్చు. వారం రోజులు అదే ఆలోచించాను. కానీ ఈ లెక్కంతా నేను ఎందుకు మొదలుపెట్టానో చెప్పకుండా లెక్క ఒక్కటే పంపితే, అది మిమ్మల్ని మోసం చేసినట్టే అవుతుంది.

మూడేళ్ల కిందట జరిగిన పరుగు పందెం గుర్తుందా? ఎనభై ఒకటి జనవరి. రైట్ ఔట్ కోసం కిందటిసారి పందెం పెట్టింది అప్పుడే, మధ్య రెండేళ్లూ వేరే చోట్ల ఆడేవాళ్ల పేర్లు పంపాం. అంతకుముందు టైములు చూసినవాళ్లు పన్నెండు, పన్నెండున్నర అని చేతికొచ్చిన అంకె చెబుతున్నారని విసుగుపుట్టి, నీ చెయ్యి నిదానం, నువ్వు రా అని మీరే నన్ను తీసుకెళ్లి స్టాప్ వాచీ చేతిలో పెట్టారు. పదిమంది మగవాళ్ల మధ్య నాకు సిగ్గుగానే ఉంది, గర్వంగానూ ఉంది. బయలుదేరే గీత దగ్గర చలమయ్యగారు రుమాలు కిందికి వదులుతూ ఈల ఊదేవారు. వంద మీటర్ల ఇవతల నేను. రుమాలు కదలగానే నొక్కమన్నారు మీరు. వరహాలు పరిగెత్తినప్పుడు రుమాలు చూసే నొక్కాను. పన్నెండు పాయింట్ ఒకటి.

తర్వాత మీ మేనల్లుడు శ్రీనివాసరావు వంతు వచ్చింది. అతను గీత మీద నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే మా వదినగారి భర్త, అన్నయ్యగారు, కొడుకు పరుగు చూద్దామని నా వెనక నుంచి వచ్చి, బాగున్నావా అమ్మా అని పలకరించారు. పెద్దాయన నిలబడి ఉండగా నేను కుర్చీలో ఎలా కూర్చుంటాను? లేచి, పమిట సర్దుకుని, ఆయన వైపు తిరిగి, బాగున్నామన్నయ్యా, వదినగారు కులాసాయేనా అన్నాను. ఆ మాటలోనే ఈల వినిపించింది. వెంటనే నొక్కాను. ఆలస్యం చేయలేదని ఇప్పటికీ చెప్పగలను. పదకొండు పాయింట్ తొమ్మిది వచ్చింది. వాచీ మీద రెండు గీతల తేడాతో, అంటే సెకనులో రెండు పదోవంతులతో, మీరు శ్రీనివాసరావు పేరు రాశారు. మేనల్లుడని రాయలేదు. నా చేతిలోని అంకె చూసి రాశారు. అది నాకు తెలుసు.

రుమాలు చూడలేదన్న సంగతి నాకు ఆ రోజే తెలుసు. ఈల వినగానే నొక్కాను కదా, రెండూ ఒక్కసారే కదా జరిగేది అనుకున్నాను. తప్పు చేశానన్న ఆలోచనే రాలేదు.

కిందటేడు మార్చిలో డాబా మీద వడియాలు పెడుతున్నాను. ఓడరేవు వైపు కొత్త గోడ కోసం నేలలోకి దిమ్మెలు దింపుతున్నారు. పెద్ద ఇనప సుత్తి పైకి లేచి కిందపడటం మన డాబా మీద నుంచి బాగా కనిపిస్తుంది. సుత్తి పడింది. చప్పుడు రాలేదు. సుత్తి మళ్లీ సగం పైకి లేచాక చప్పుడు వచ్చింది. వడియాల పిండి చేతిలోనే ఉంది. కంటికీ చెవికీ అంత తేడా ఎందుకుందా అని వరసగా పదిసార్లు చూశాను. పదకొండోసారికి నా కళ్ల ముందు సుత్తి లేదండీ, చలమయ్యగారి రుమాలు ఉంది.

ఆ సాయంత్రం పద్మని గ్రౌండుకి తీసుకెళ్లి, వంద మీటర్ల అవతల నిలబెట్టి, రుమాలు వదులుతూ ఈల ఊదమన్నాను. రుమాలు కదలగానే వాచీ మొదలుపెట్టి, ఈల వినిపించగానే ఆపాను. పదిసార్లు చేశాం. ప్రతిసారీ సెకనులో మూడు పదోవంతులు, కాస్త అటూ ఇటూ. అంటే శ్రీనివాసరావు పరిగెత్తింది పదకొండు పాయింట్ తొమ్మిది కాదు. పన్నెండు పాయింట్ రెండు. వరహాలు అతని కన్నా ఒక గీత ముందే ఉన్నాడు.

అప్పుడే మీతో చెప్పాల్సింది. మీరు డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తువ్వాలు పట్టుకుని నిలబడి, ఏవండీ అని మొదలుపెట్టాను కూడా. ఏమిటి అన్నారు మీరు. టీ పెట్టనా అన్నాను. అప్పటికి శ్రీనివాసరావుకి ఉద్యోగం వచ్చి, ఆ ఉద్యోగం చూసే పెళ్లి కుదిరి, కోడలికి అయిదో నెల. వదినగారు మన ఇంటికి వస్తే, మా వాడు రత్నం చేతి చలవ వల్ల బాగుపడ్డాడు అంటారు. ఆవిడకి ఏమని చెప్పను? అది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఇంకోటి. నీ చెయ్యి నిదానం అని మీరు నలుగురిలో అంటారు చూడండి, ఆ మాట పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఏడాది దాచాను. ఇరవై రెండేళ్ల కాపురంలో మీ దగ్గర దాచింది ఇదొక్కటే.

ఇప్పుడైనా ఎందుకు చెబుతున్నానంటే, తవిటమ్మ వల్ల. వరహాలు తల్లి. మన వీధికి చేపలు తెచ్చేది ఆవిడే కదా. కిందటి నెల ఒకరోజు గంప దించి, ఈ ఏడు మావోడి పేరు ఉంటాదా అమ్మా అని అడిగింది. చూడాలి తవిటమ్మా, పోయినసారి రెండు గీతల్లో పోయింది కదా అన్నాను, ఏదో అనాలని. ఆవిడ ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మీ సేతి గడియారం తప్పు సెప్పదు కదమ్మా. మావోడే ఆ రోజు కాలీడ్సీసినాడు. ఆళ్ల బాబు, మా ఇంటాయన, పోయేదాకా అదే తిట్టు. రెండు గీతలురా, రెండు గీతలు ఉరకనేకపోనావురా అని. ఈడేమో తెల్లారకుండా లేసి ఇసకలో ఉరికీవోడు, ఆ రెండు గీతల కోసరం."

చేపలు తీసుకుని లోపలికి వచ్చాను. కత్తిపీట ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పద్మ వచ్చి, అమ్మా పొయ్యి మీద ఏదో మాడుతోంది అనేదాకా లేవలేదు.

ఆ తర్వాతే చింతపిక్కల డబ్బాలు పెట్టాను. నా తప్పు దిద్దుకోవడానికి నాకు నేనే లెక్క అల్లుకుంటున్నానేమోనని భయం వేసింది. అందుకే చలమయ్యగారిని కూర్చోబెట్టాను. ఆయన డబ్బాలు కూడా నా డబ్బాల మాటే చెప్పాక రెండు రాత్రులు నిద్రపట్టింది. కానీ ఒకటి అర్థమైంది. మూడేళ్ల కిందట నేను చేసిన తప్పు చిన్నది. అంత చిన్న తప్పుకి మనిషి బతుకు మారిపోయేలా ఒక్క అంకె మీద పేరు రాయడం మనం ఇద్దరం కలిసి చేసిన తప్పు. మీ మీద నేరం మోపుతున్నానని అనుకోకండి. వాచీ నా చేతిలోనే ఉంది.

మీరు వెళ్లేముందు సంతకం పెట్టి, పేరు చోట ఖాళీ ఉంచి, ఉత్తరం వచ్చాక పేరు నింపి కంపెనీకి ఇవ్వమని నాకు ఇచ్చిన కాగితం పెట్టెలోనే ఉంది. బుధవారం మధ్యాహ్నం దాన్ని బల్ల మీద పెట్టి పెన్ను మూత తీశాను. మీరు ఏమీ అనరని తెలుసు. అయినా వరహాలు పేరు రాయలేదు. మీ సంతకం మీద నా చేత్తో మీకు తెలియని అంకె ఒకటి ఇదివరకే పడింది. రెండోసారి మీకు తెలియకుండా ఏదీ పడకూడదు. కాగితం ఖాళీగానే పంపుతున్నాను. నెలాఖరులోగా అది కంపెనీకి చేరాలి. నన్నడిగితే వరహాలు పేరు రాయమంటాను. గంగరాజు పేరు రాస్తే, అదీ నేనే తీసుకెళ్లి ఇస్తాను, ముఖం ముడుచుకోను. శ్రీనివాసరావుని మాత్రం ఏమీ అనకండి. ఆ కుర్రాడు తన పరుగు తను పరిగెత్తాడు. వదినగారికి చెప్పాలో వద్దో మీరు వచ్చాక ఇద్దరం ఆలోచిద్దాం. తవిటమ్మకీ వరహాలుకీ నేనే చెబుతాను. పేరు తేలేదాకా ఆగుతున్నాను. ఇప్పుడే చెబితే, వచ్చిన ఉద్యోగం జాలిపడి ఇచ్చిందని అతను అనుకుంటాడు. పేరు ఎవరిదైనా సరే, ఆ మర్నాడు జాలరిపేట వెళ్లి, ఆ రెండు గీతలూ నావని చెప్పి వస్తాను.

పైడయ్యగారి చేతికి ఉన్నితో పాటు ఒక చిన్న మూట ఇస్తున్నాను. అందులో మీ స్టాప్ వాచీ, ఈల, ఒక తెల్ల రుమాలు ఉన్నాయి. ఉత్తరం పోస్టులో వేయనిది ఇందుకే. నా మాట నమ్మి పేరు రాయకండి. అక్కడ గ్రౌండులో పైడయ్యగారిని వంద మీటర్ల అవతల నిలబెట్టండి. రుమాలు వదులుతూ ఈల ఊదమనండి. ఒకసారి రుమాలు చూసి మొదలుపెట్టి, ఈల వినగానే ఆపండి. ఎంత వచ్చిందో మీ చేత్తో రాసి పంపండి. మూడు గీతలు వస్తే, ఇక ముందు నా చేతికి వాచీ ఇస్తారో ఇవ్వరో కూడా అదే ఉత్తరంలో రాయండి.

ఇస్తానంటే ఒక్కటే అడుగుతాను. ఈసారి నా పక్కన కుర్చీ వేసుకుని మీరు కూర్చోండి. ఎవరు వచ్చి పలకరించినా మీరు మాట్లాడండి. నేను రుమాలు చూస్తూ ఉంటాను.

ఇట్లు,
మీ ఇల్లాలు,
కనకరత్నం.